ఇన్‌క్లూడ్ చేసిన నేరమేంటి? ఎస్ఎస్ఐ గొడవ వెనక కథ

2025 డిసెంబర్‌లో అపాచీ వెబ్ సర్వర్ 2.4.66 వెర్షన్ వచ్చింది. అందులో సరిచేసిన లోపాల్లో ఒకటి సీవీఈ-2025-58098 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే నమోదు సంఖ్య). సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్ (ఎస్ఎస్ఐ, అంటే పేజీలో రాసిన ఆదేశాలను సర్వర్ నెరవేర్చి పంపే సదుపాయం) ఆన్‌లో ఉండి, సీజీఐ పనులు, అంటే బయటి ప్రోగ్రామ్‌లను నడిపే పనులు చూసే మాడ్యూల్ మాడ్ సీజీఐడీ అయితే, పేజీలో ఎగ్జెక్ అనే ఆదేశంతో రాసిన కమాండ్‌కు యూఆర్ఎల్‌లోని క్వెరీ స్ట్రింగ్ కూడా వెళ్లి చేరేది. అంటే అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాత బయటివాళ్లు ఏం టైప్ చేసినా, అది సర్వర్ నడపబోయే కమాండ్ పక్కకు వచ్చి చేరేదన్నమాట. షెల్‌ను (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌ను) తప్పుదోవ పట్టించే గుర్తులను ఎస్కేప్ చేసే, అంటే వాటి ప్రభావం తీసేసే పంపినా, పేజీ రాసినవాళ్లు కోరని మాటలు కమాండ్‌కు అందడమే ప్రమాదం.

ఇలాంటిది బయటపడిన ప్రతిసారీ పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఎస్ఎస్ఐని ఇంకా ఎందుకు మోయాలి, మొత్తంగా తీసేస్తే పోలేదా అని. ఈసారీ అదే మాట. కానీ లోపం వివరం మరోసారి చదవండి. అది ఎగ్జెక్‌ది. ఫుటర్‌ను తెచ్చి అతికించే ఇన్‌క్లూడ్‌ది కాదు. శిక్ష మాత్రం రెండింటికీ కలిపి వేయమంటున్నారు. ఈ రెండూ ఒకే గాటన ఎలా పడ్డాయో తెలిస్తే ఈ గొడవ సగం తేలిపోతుంది.

వెబ్ తొలిరోజుల కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఎస్ఎస్ఐ చేసేది ఇదీ: హెచ్‌టీఎంఎల్ కామెంట్ (బ్రౌజర్ చూపించని రాత) రూపంలో ఒక ఆదేశం రాస్తే, పేజీని పంపే ముందు సర్వర్ ఆ చోట మెనూనో, తేదీనో, ఫుటర్‌నో పెట్టి పంపుతుంది. నలభై పేజీల సైటులో ఫోన్ నంబర్ మారితే ఒక్క ఫైలు దిద్దితే చాలు. పేజీలను నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసినవాళ్లకు అదెంత పెద్ద ఊరటో చెప్పనక్కర్లేదు.

మలుపు ఇలినాయ్ యూనివర్సిటీలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం ఎన్‌సీఎస్ఏలో ఉంది. 1990ల తొలి సగంలో రాబ్ మెకూల్ రాసిన హెచ్‌టీటీపీడీ సర్వర్‌లో ఎస్ఎస్ఐకి ఆరు ఆదేశాలుండేవి. కాన్ఫిగ్, ఇన్‌క్లూడ్, ఎకో, ఎఫ్‌సైజ్, ఎఫ్‌లాస్ట్‌మాడ్, ఎగ్జెక్. మొదటి ఐదింటి పనీ ఒక్క తీరే: ఉన్నదాన్ని చూసి చెప్పడం, లేదా ఎలా చెప్పాలో నిర్ణయించడం. ఫైలు ఎంత పెద్దది, ఎప్పుడు మారింది, అందులో ఏముంది. ఆరోది వేరే జాతి. ఇచ్చిన మాటను తీసుకెళ్లి నేరుగా షెల్‌కు అప్పగిస్తుంది. అయినా ఆరింటికీ ఒకే వేషం, <!--# అనే ఐదు గుర్తుల మొదలు. పేజీని చదివే సర్వర్ కంటికి, ‘ఈ ఫైలు చూపించు’ అనే మాటకూ ‘ఈ కమాండ్ నడుపు’ అనే మాటకూ మధ్య తేడా ఒక్క పదమే.

ఇన్‌క్లూడ్‌కు కంచె ఉంది. ఫైల్ అనే పద్ధతిలో పిలిస్తే పూర్తి పాత్ ఇవ్వకూడదు, రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్‌కు వెళ్లకూడదు. వర్చువల్ అనే పద్ధతిలో పిలిస్తే సర్వర్ దాన్ని మామూలు యూఆర్ఎల్ అడిగినట్టే చూస్తుంది, బయటివాళ్లకు వర్తించే అనుమతులే దానికీ వర్తిస్తాయి. ఎగ్జెక్‌కు అలాంటి కంచె లేదు. సర్వర్ ఏ యూజర్ పేరుతో నడుస్తుందో, ఆ యూజర్‌కు ఏం చేసే హక్కుందో అదంతా దానికీ ఉంది. ఎన్‌సీఎస్ఏ వాళ్లకు ఈ తేడా తెలియక కాదు. ఎగ్జెక్ లేకుండా ఇన్‌క్లూడ్స్‌ను మాత్రమే అనుమతించే ఆప్షన్‌ను వాళ్లే ఇచ్చారు. కానీ దానికి పెట్టిన పేరు ‘ఇన్‌క్లూడ్స్ నోఎగ్జెక్’. ఉత్త ‘ఇన్‌క్లూడ్స్’ అని రాస్తే ఎగ్జెక్ కూడా తోడొస్తుంది. వద్దనుకున్నవాళ్లే పనిగట్టుకుని వద్దని రాయాలి. నా దృష్టిలో ఆ తర్వాత జరిగిన ప్రతి నష్టానికీ వేరు ఇక్కడే ఉంది.

ఆ నష్టం కళ్లకు కట్టినట్టు కనిపించింది గెస్ట్‌బుక్‌లలో. అప్పట్లో ప్రతి సైటుకూ ఒక గెస్ట్‌బుక్ ఉండేది. వచ్చినవాళ్లు పేరు రాసి రెండు ముక్కలు టైప్ చేస్తే, పెర్ల్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్, అంటే స్క్రిప్ట్, ఆ మాటలను పేజీలో రాసేసేది. ఆ పేజీని సర్వర్ ఎస్ఎస్ఐ కోసం కూడా చదివేలా పెట్టి ఉంటే, పలకరింపు బదులు ఎగ్జెక్ ఆదేశం రాసినా సర్వర్ దాన్ని నమ్మకంగా నడిపేది. స్క్రిప్ట్ రాసినవాళ్లు దీన్ని ఊహించారు కూడా. సీవీఈ-1999-1053 నమోదైన గెస్ట్‌బుక్ స్క్రిప్ట్ అయితే <!-- గుర్తుకూ --> గుర్తుకూ మధ్య ఉన్నదంతా తుడిచేసేది. చూడటానికి పక్కా జాగ్రత్తే. కానీ అపాచీ 1.3.9 ఆదేశం ముగిసిందని గుర్తించడానికి --> ఒక్కటే కావాలని పట్టుబట్టేది కాదు, వేరే ముగింపులనూ ఒప్పుకునేది. దాంతో --> లేకుండా రాసిన ఆదేశం స్క్రిప్ట్ జల్లెడ కళ్లలోంచి జారిపోయి, సర్వర్ చేతికి చిక్కేది. జల్లెడ ఒక భాష మాట్లాడింది, సర్వర్ ఇంకో భాష విన్నది. మధ్యలో బలైంది, సైటు పెట్టుకున్న మామూలు మనుషులు.

ఎస్ఎస్ఐకి చెడ్డపేరు స్థిరపడింది ఆ కాలంలోనే. పేరు మాత్రం మొత్తానికి వచ్చింది. ఎగ్జెక్ లేని సర్వర్‌లో ఆ గెస్ట్‌బుక్‌ను ఎంత తిప్పినా కమాండ్ నడవదు. దాడి చేసేవాళ్లు మహా అయితే ఏదో ఫైలును ఇన్‌క్లూడ్ చేయించి, చూడకూడని సమాచారం రాబట్టగలరు. అదీ చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. బయటివాళ్లు రాసిన మాటలున్న పేజీని ఎస్ఎస్ఐ కోసం చదవనివ్వనేకూడదు. కానీ సమాచారం బయటపడటం వేరు, సర్వరే చేతులు మారడం వేరు.

ఇలా ఒకే తలుపులోంచి రెండు పనులు పెట్టిన తప్పు ఎస్ఎస్ఐ ఒక్కటే చేయలేదు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన, వెబ్ పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీ, తొలిరోజుల్లో తన కోడ్‌ను హెచ్‌టీఎంఎల్ కామెంట్లలోనే రాయించింది. అక్కడ ఇన్‌క్లూడ్ అంటే తెచ్చి అతికించడమే కాదు, తెచ్చినదాన్ని కోడ్‌గా నడపడం కూడా. ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి ఫైలు తెచ్చి నడిపించే దాడులు ఏళ్ల తరబడి సాగాయి. 2006లో పీహెచ్‌పీ 5.2 వచ్చాక యూఆర్ఎల్ నుంచి ఇన్‌క్లూడ్ చేయడానికి వేరే స్విచ్ పెట్టి, మొదటినుంచీ ఆఫ్‌లో ఉంచారు. పీహెచ్‌పీని తీసేయమని ఎవరూ పట్టుబట్టలేదు. ప్రమాదమున్న ముక్కను విడదీసి దానికి తాళం వేశారు, అంతే.

ఎస్ఎస్ఐ విషయంలోనూ ఆ పని చేసి చూపించినవాళ్లు ఉన్నారు. 2004లో బయటికొచ్చిన ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఎస్ఎస్ఐ మాడ్యూల్‌లో బ్లాక్, కాన్ఫిగ్, ఎకో, ఇఫ్, ఇన్‌క్లూడ్, సెట్ ఉన్నాయి. ఎగ్జెక్ లేదు. ఆ ఒక్కటీ లేనందువల్ల ఇన్‌క్లూడ్ బలహీనపడలేదు, పైగా బలపడింది. ఒక పేజీలో మూడు ఇన్‌క్లూడ్‌లుంటే మూడింటినీ ఒకేసారి తెప్పిస్తుంది. ఒకటి పూర్తయ్యేదాకా ఆగాలంటే వెయిట్ అని రాయాలి. వెనకున్న సర్వీస్ జవాబివ్వకపోతే ఏం చూపాలో స్టబ్‌తో ముందే చెప్పొచ్చు. ఒక వార్త పేజీ అనుకోండి. వార్త అందరికీ ఒకటే కాబట్టి క్యాష్‌లో (మళ్లీ వాడుకోవడానికి దాచిన కాపీల్లో) ఉంచి, లాగిన్ అయినవాళ్ల పేరు చూపే చిన్న పట్టీని మాత్రం ఇన్‌క్లూడ్‌తో అప్పటికప్పుడు తెప్పించుకోవచ్చు. డైనమిక్ పేజీకి ఇంతకన్నా తేలికైన దారి నేను చూడలేదు.

అవసరం తీరిపోయిందన్న వాదన కూడా చరిత్ర ముందు నిలవదు. 2001లో ఎడ్జ్ సైడ్ ఇన్‌క్లూడ్స్ ప్రతిపాదన వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి చేరింది. అదే ఆలోచనను అసలు సర్వర్ నుంచి, పాఠకులకు దగ్గరగా ఉండే క్యాష్ సర్వర్లకు జరిపారు. బ్రౌజర్‌లోనే ఈ పని జరగాలని హెచ్‌టీఎంఎల్ ఇంపోర్ట్స్ తెచ్చారు. క్రోమ్ 2014లో ఇచ్చింది, 2020లో తీసేసింది. ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలులోకి మరో ముక్కను నేరుగా తెచ్చి అతికించే ట్యాగ్ హెచ్‌టీఎంఎల్‌లో ఈరోజుకీ లేదు.

తీసేయాలనేవాళ్ల దగ్గర వేరే లెక్కలూ ఉన్నాయి. 2004లో, అపాచీలో ఎస్ఎస్ఐని నడిపే మాడ్ ఇన్‌క్లూడ్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన చోటు దాటి డేటా పొర్లే లోపం) దొరికింది, దాన్ని అపాచీ 1.3.33లో సరిచేశారు. 2019లో టామ్‌క్యాట్ అనే మరో సర్వర్ ఎస్ఎస్ఐలోని ప్రింట్‌ఎన్వ్ ఆదేశంలో ఎక్స్ఎస్ఎస్ లోపం (బయటివాళ్ల స్క్రిప్ట్‌ను పేజీలో నడవనిచ్చేది) బయటపడింది. రెండింటికీ ఎగ్జెక్‌తో సంబంధం లేదన్నది నిజమే. మొదటిదానికి సర్వర్‌లో ఎస్ఎస్ఐ పేజీ రాసే హక్కుండాలి. రెండోది డీబగ్గింగ్ కోసం పెట్టిన ఆదేశం, టామ్‌క్యాట్‌లో ఎస్ఎస్ఐ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఎస్ఎస్ఐ పేజీలకు చివరిసారి మారిన తేదీ పంపకపోవడం వల్ల బ్రౌజర్ క్యాష్ దెబ్బతింటుందన్న ఫిర్యాదూ సరైనదే. అపాచీలో దానికి ఎక్స్‌బిట్‌హ్యాక్ ఫుల్ అనే విరుగుడు ఉంది.

అపాచీ కూడా ఊరికే కూర్చోలేదు. డైరెక్టరీకి (ఫోల్డర్‌కు) ఆప్షన్స్ ఏమీ రాయకపోతే మునుపు ‘ఆల్’ అని తీసుకునేది. ఇన్‌క్లూడ్స్, దానితోపాటు ఎగ్జెక్, ఆ ‘ఆల్’లో భాగమే. 2012 నాటి 2.4 నుంచి ఆ స్థానంలోకి ఫాలోసిమ్‌లింక్స్ (లింక్ ఫైళ్ల వెంట వెళ్లనిచ్చేది) ఒక్కటే వచ్చింది. సగం పని అప్పుడే అయ్యింది. మిగిలిన సగం పేరులో ఉంది. 2.4.66 పెట్టుకున్నవాళ్లకు క్వెరీ స్ట్రింగ్ బెడద తప్పింది. ‘ఆప్షన్స్ ఇన్‌క్లూడ్స్’ అని రాస్తే మాత్రం ఎగ్జెక్ ఇప్పటికీ వెంటే వస్తోంది.