ఆ విటమిన్ సీసా కొనాలా?

విశాఖలో ద్వారకానగర్‌లోనో ఎంవీపీ కాలనీలోనో ఏ మందుల షాపుకెళ్లినా మల్టీవిటమిన్లు, చేపనూనె క్యాప్సూల్స్, బయోటిన్ బిళ్లలు, ప్రొటీన్ డబ్బాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒక సీసా తీసి వెనక్కి తిప్పండి. చాలావాటి మీద సన్నటి అక్షరాల్లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అన్న మాట ఉంటాయి. చట్టం దృష్టిలో అది బిస్కెట్ ప్యాకెట్‌లాగే ఆహారం. ఏది ఎంత కలపాలో నిబంధనలున్నాయి గానీ, ఒక మందును మార్కెట్లోకి వదిలే ముందు పెట్టేంత కఠినమైన పరీక్ష దీనికి ఉండదు. కాబట్టి కొనాలా వద్దా అన్నది తేలాలంటే ముందు మన ఒంట్లో దేనికి లోటుందో తెలియాలి.

ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పైగా అందులో సగం మన తెలుగువాడి కథే. 1920ల చివర్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనత తీవ్రంగా ఉండేది. ఇంగ్లండ్ డాక్టరు లూసీ విల్స్ వాళ్లకు ఈస్ట్ సారం పెట్టి నయం చేసి, 1931లో ఆ సంగతి ప్రకటించారు. అందులో పనిచేసిన పదార్థాన్నే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇదే కోవలోని పదార్థాలను ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం కోవలోని విటమిన్) కావాలి. క్యాన్సర్ కణానికీ కావలసింది అదే. దాంతో సుబ్బారావు బృందం ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. ఆ మందుతో 16 మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని వరసలోదే అయిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ డాక్టర్లు రాస్తున్నారు. ఒకే విటమిన్ గర్భిణికి రక్తం పట్టించింది, రోగం ఉన్న పిల్లాడికి కీడు చేసింది. విటమినే కదా, ఏం పోతుందిలే అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ పిల్లలే గుర్తొస్తారు.

గర్భిణుల విషయంలో మాత్రం ఫోలిక్ ఆమ్లానికి తిరుగులేదు. అంతకుముందు కాన్పులో బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చిన తల్లులకు దాన్ని ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ నడిపిన పెద్ద ట్రయల్‌లో తేలింది. కడుపులో బిడ్డ వెన్ను నాళం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే మూసుకోవాలి, సరిగ్గా మూసుకోకపోతేనే ఆ లోపం వస్తుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లల కోసం చూస్తున్నప్పటి నుంచే డాక్టరు రాసే ఆ చిన్న మాత్ర వేసుకోవాలి.

లోటు లేనివాళ్లకు అదనంగా ఇస్తే ఏమవుతుందో కూడా పరీక్షించారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ రోజూ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. కూరగాయలు తినేవాళ్లలో క్యాన్సర్ తక్కువని చూసి, ఆ మేలంతా ఒక్క మాత్రలో దొరుకుతుందనుకుని మొదలుపెట్టిన ప్రయోగమది. విటమిన్ డి, చేపనూనెల మీద అమెరికాలో 25,871 మందిని అయిదేళ్లపాటు గమనిస్తే క్యాన్సర్లూ తగ్గలేదు, మొత్తంమీద గుండెజబ్బులూ తగ్గలేదు.

ఇంత ఎండ కాసే విశాఖలో డి లోటేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. రుషికొండ ఐటీ ఆఫీసులో అద్దాల పక్కన కూర్చుంటే వెలుతురు వస్తుంది గానీ, డి తయారుకావాలంటే చర్మానికి తగలాల్సిన కిరణాలను ఆ అద్దమే ఆపేస్తుంది. పరీక్షలో తక్కువొస్తే డాక్టరు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్ రాస్తారు. మన రోజువారీ అవసరం 600 యూనిట్లే, అంటే ఒక్క సాచెట్ వంద రోజుల పెట్టు. చీటీ సరిగ్గా చూడక దాన్ని రోజుకొకటి వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో, దెబ్బతిన్న కిడ్నీలతో ఆసుపత్రిలో చేరిన కేసులు మన దేశంలో ఉన్నాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగి ఒంట్లో నిలవ ఉండిపోతాయి.

బీ12 సంగతి వేరు. శాకాహారులకూ, షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ ఈ లోటు నిజంగానే వస్తుంది. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే పరీక్ష చేయించుకోవాలి. బీ12 లోటున్నవాళ్లు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

చేపనూనె కోసం వేలు పోసే ముందు ఫిషింగ్ హార్బర్ వైపు ఒకసారి వెళ్లండి. మామూలు క్యాప్సూల్‌లో వెయ్యి మిల్లీగ్రాముల నూనె ఉన్నా, అందులో పనికొచ్చే ఒమేగా-3 దాదాపు 300 మిల్లీగ్రాములే. కవళ్లలో, కానాగంతల్లో ఆ కొవ్వు సహజంగానే దండిగా ఉంటుంది. ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు కాల్షియం కూడా ఇస్తాయి. వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. అంబలి పులియబెడితే అది ఒంటికి ఇంకాస్త బాగా పడుతుంది. కండ పెంచడానికి ప్రొటీన్ పొడి వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అరవై కిలోల మనిషికి రోజుకు కావలసింది 50 గ్రాములే. పప్పు, గుడ్లు, పాలు, చేపలు తినేవాళ్లకు అదేమంత కష్టం కాదు.

జుట్టు కోసం బయోటిన్ మింగుతున్నవాళ్లు రక్తపరీక్షకు వెళ్తే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. థైరాయిడ్ లెక్కలు తప్పొస్తాయి. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ కూడా లేనట్టు కనిపించవచ్చు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. పిల్లలకు రంగురంగుల విటమిన్ గమ్మీలు కొనే ఇంట్లోనే తల్లి మెట్లెక్కితే ఆయాసపడుతుంటుంది, ఆమె హిమోగ్లోబిన్ ఎంతో ఎవరూ చూడరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మగవాళ్లలో, ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గితే మాత్రతో సరిపెట్టకూడదు, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో డాక్టరు చూడాలి. గర్భిణులకు ఐరన్, ఫోలిక్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. వాటిని టీతో కాకుండా, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడతాయి.