ఆ సంఖ్య ఏ గెలాక్సీది? ఎన్‌జీసీ గుర్తింపులో అపోహలు - వాస్తవాలు

1888లో ఖగోళ శాస్త్రవేత్త జె.ఎల్.ఇ. డ్రేయర్ కూర్చిన న్యూ జనరల్ కేటలాగ్‌లో (ఎన్‌జీసీ) 7840 అంశాలున్నాయి. 1895లోనూ 1908లోనూ వచ్చిన రెండు ఇండెక్స్ కేటలాగులు మరో 5386 చేర్చాయి. వీటిలో ఎక్కువ భాగం గెలాక్సీలే. చూసినవాళ్లకు మాత్రం అవి గెలాక్సీలని తెలియదు. వాళ్ల లెక్కలో అవన్నీ నీహారికలు, మసక మరకలు. ఎన్‌జీసీలోని అంశాలు దాదాపు అన్నీ కంటితో పట్టుకున్నవే. చీకట్లో ఐపీస్‌కి కన్ను ఆనించి, గడియారం చూసి, కాగితం మీద రాసుకున్న లెక్కలవి.

అందుకే గుర్తింపు పనిలో అడగాల్సిన ప్రశ్న "ఈ స్థానంలో ఏముంది?" అన్నది కాదు. "ఆ మనిషి ఆ రాత్రి దేన్ని చూశాడు?" అన్నది. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటే అనుకోవడం వల్లే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: ఎన్‌జీసీ సంఖ్య టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ చూపించేదే ఆ గెలాక్సీ.

చాలా సంఖ్యలకు ఇది నిజమే. చిక్కంతా మిగిలినవాటితోనే. కొన్ని సంఖ్యల దగ్గర ఆన్‌లైన్ ఖగోళ సమాచార నిధుల్లో సింబాడ్ ఒకటి, నెడ్ ఒకటి, హైపర్‌లెడా మరొకటి చూపిస్తాయి. కారణం పాతది. 1973లో వచ్చిన రివైజ్డ్ న్యూ జనరల్ కేటలాగ్ డ్రేయర్ ఇచ్చిన స్థానాలను పాలోమార్ వేధశాల ఫొటోలతో పోల్చింది కానీ, అసలు పరిశీలకుల ప్రచురణల దాకా వెనక్కి వెళ్లలేదు. స్థానం ఖాళీగా కనిపించిన చాలా చోట్ల "లేదు" అని రాసింది. మరికొన్ని చోట్ల పక్కనున్న వేరే గెలాక్సీకి ఆ సంఖ్య తగిలించింది. తర్వాతి జాబితాలు దాన్నే ఎక్కించుకున్నాయి. ఒకచోట పడ్డ తప్పు పది చోట్ల కనిపించినంత మాత్రాన పది సాక్ష్యాలు కావు.

అపోహ: సంఖ్యలు కనిపెట్టిన వరుసలో ఉంటాయి.

కావు. 1860 నాటి ఆర్‌ఏ (రైట్ అసెన్షన్ - ఆకాశంలో తూర్పు-పడమర స్థానం, గంటలు నిమిషాల్లో చెప్పేది) వరుసలో ఉంటాయి. ఎన్‌జీసీ 1ని 1861లో డారెస్ట్ చూశాడు. ఎన్‌జీసీ 253ని కరోలిన్ హెర్షెల్ 1783లోనే పట్టింది. ఎన్‌జీసీ 1కి ఆ సంఖ్య రావడానికి కారణం 1860లో దాని ఆర్‌ఏ 0 గంటల 0 నిమిషాలు దాటి కొద్ది సెకన్లే ఉండటం. 2000 నాటికి అది 7 నిమిషాల 16 సెకన్లకు వచ్చింది.

ఈ కదలిక మనవాళ్లకు కొత్త కాదు. పంచాంగంలో అయనాంశ అనే మాట వెనకున్నది ఈ అయనచలనమే. 140 ఏళ్లలో ఖగోళ మధ్యరేఖ దగ్గర ఆర్‌ఏ దాదాపు 7 నిమిషాల 10 సెకన్లు పెరుగుతుంది. డిక్లినేషన్ (ఉత్తర-దక్షిణ స్థానం) అత్యధికంగా 47 ఆర్క్‌నిమిషాల దాకా మారుతుంది. ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు. ఏ సంవత్సరానికి (దాన్నే యుగం అంటారు) లెక్కించిన స్థానమో చూడకుండా మార్చేస్తే మొదటి అడుగులోనే దారి తప్పుతాం. ఇంగ్లండ్‌లోని స్లో ఊరి నుంచీ, దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచీ జాన్ హెర్షెల్ చేసిన జాబితాలు 1830 యుగానివి. 1864లో ఆయనే వేసిన జనరల్ కేటలాగ్, దాని తర్వాత ఎన్‌జీసీ 1860 యుగానివి. ఆ 30 ఏళ్ల తేడా మరిచిపోతే ఆర్‌ఏలో 92 సెకన్లు, డిక్లినేషన్‌లో 10 ఆర్క్‌నిమిషాల దాకా తప్పు వస్తుంది. ఇంకో మాట: ఆ పుస్తకాల్లో డిక్లినేషన్ ఉండదు, ఉత్తర ధ్రువ దూరం ఉంటుంది. 90లోంచి దాన్ని తీసేస్తే డిక్లినేషన్.

అపోహ: ఇచ్చిన స్థానంలో ఏమీ లేకపోతే ఆ గెలాక్సీ లేనట్టే.

ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇది. ఖాళీ స్థానం అంటే చాలావరకు లెక్కలో ఎక్కడో అంకె జారిందని. ఏ అంకె, ఎలా జారిందో పట్టుకోవడమే మన పని.

ఎమ్91ను చూడండి. ఎమ్ అంటే 18వ శతాబ్దపు ఫ్రెంచ్ పరిశీలకుడు మెస్సియే జాబితాలోని సంఖ్య. 1781 మార్చిలో మెస్సియే కన్యారాశి ప్రాంతంలో ఒకే రాత్రి వరసగా కొన్ని నీహారికలు రాసుకున్నాడు. వాటిలో 91వది ఆయన ఇచ్చిన చోట లేదు. తోకచుక్క అయ్యుంటుందన్నారు కొందరు. ఎమ్58నే రెండోసారి చూశాడన్నారు మరికొందరు. దగ్గర్లో ఉంది కదా అని ఎన్‌జీసీ 4571కి ఆ పేరు అంటగట్టినవాళ్లూ ఉన్నారు. 1969లో టెక్సస్‌కి చెందిన డబ్ల్యూ.సి. విలియమ్స్ అనే ఔత్సాహికుడు ముడి విప్పాడు: ఎమ్91 అంటే ఎన్‌జీసీ 4548. మెస్సియే తేడా కొలిచింది ఎమ్89 నుంచి, లెక్క కట్టేటప్పుడు కలిపింది ఎమ్58 స్థానానికి.

2000 యుగపు అంకెల్లో చూస్తే ఇలా ఉంటుంది. ఎమ్58: 12 గం. 37 ని. 43 సె., +11°49'. ఎమ్89: 12 గం. 35 ని. 40 సె., +12°33'. ఎన్‌జీసీ 4548: 12 గం. 35 ని. 26 సె., +14°30'. ఎమ్89 నుంచి ఎన్‌జీసీ 4548కి వెళ్లాలంటే ఆర్‌ఏ దాదాపు కదలదు, ఉత్తరానికి 2 డిగ్రీలకు కాస్త తక్కువ. మెస్సియే రాసిన స్థానం ఎమ్58 నుంచి సరిగ్గా అలాగే ఉంటుంది: ఆర్‌ఏ దాదాపు అంతే, ఉత్తరానికి 2 డిగ్రీలకు కాస్త తక్కువ. అంటే ఆయన కొలత మంచిదే, ఆధారం మారింది. దాంతో స్థానం మొత్తం 50 ఆర్క్‌నిమిషాలకు పైగా పక్కకు జరిగిపోయింది. ఎన్‌జీసీ 4548ని 1784లో విలియం హెర్షెల్ (కరోలిన్ అన్న, జాన్ తండ్రి) తనంతట తాను మళ్లీ కనిపెట్టాడు.

ఎమ్47 కథ ఇంకోరకం. అది గెలాక్సీ కాదు, నక్షత్ర గుచ్ఛం. అక్కడ తేడా కొలవడానికి తీసుకున్న ఆధార నక్షత్రం సరైనదే కానీ కూడికకు బదులు తీసివేత జరిగింది. డ్రేయర్ ఆ ఖాళీ స్థానానికి ఎన్‌జీసీ 2478 అని సంఖ్య ఇచ్చాడు. అసలు గుచ్ఛం ఎన్‌జీసీ 2422.

కాబట్టి ఖాళీ స్థానం ఎదురైనప్పుడు తప్పుల్ని ఈ వరుసలో పరీక్షిస్తాం. మొదట ఆర్‌ఏలో సరిగ్గా 1 నిమిషం అటూ ఇటూ. గడియారం చదవడంలో ఎక్కువగా జరిగేది ఇదే. డిక్లినేషన్ -20 దగ్గర 1 నిమిషం అంటే 14 ఆర్క్‌నిమిషాలు. తర్వాత సరిగ్గా 1 డిగ్రీ, 10 ఆర్క్‌నిమిషాలు, ఆర్‌ఏలో 10 నిమిషాలు. ఆ తర్వాత ఉత్తర-దక్షిణ, ముందు-వెనక (పడమర-తూర్పు) గుర్తులు తారుమారు చేసి చూడటం. చివరగా ఆధార నక్షత్రం మార్చి చూడటం. తేడా సరిగ్గా 1, 10 లాంటి గుండ్రటి అంకెలో తేలితే నమ్మకం పెరుగుతుంది. 3 నిమిషాల 17 సెకన్లు, 22 ఆర్క్‌నిమిషాలు లాంటి ఎటూకాని తేడాతో ఏదో ఒక గెలాక్సీని లాక్కొచ్చి పెడితే అది గుర్తింపు కాదు, ఊహ.

ఒంటరిగా ఒక్క అంశాన్ని పట్టుకుని కూర్చోకూడదు. అదే రాత్రి, అదే పరిశీలకుడు చూసిన మిగతావన్నీ తీసి పక్కన పెట్టాలి. విలియం హెర్షెల్ 20 అడుగుల దూరదర్శినిని ఆకాశపు మధ్యాహ్న రేఖ మీద నిలిపి, కొద్దిపాటి వెడల్పులో పైకీ కిందికీ ఆడించేవాడు. ఆకాశం దానంతటది జరిగిపోతుంటే, ఆయన కేక వేసినప్పుడల్లా కరోలిన్ సమయం రాసేది. తెలిసిన నక్షత్రానికి, నీహారికకు మధ్య తేడాయే స్థానం. ఆ రాత్రివి ఐదారు అంశాలు ఒకే వైపు, ఒకే మేర తప్పితే నక్షత్రాన్నే పొరబడ్డారని అర్థం. ఆ సవరణ ఆరో ఏడో అంశానికి కూడా వర్తిస్తుంది, అది కూడా దొరికిపోతుంది.

అపోహ: దూరదర్శిని పెద్దదైతే స్థానాలు కచ్చితంగా ఉంటాయి.

అద్దం సైజు మసకది కనిపించడానికి పనికొస్తుంది. స్థానం కచ్చితత్వం పద్ధతిని బట్టి ఉంటుంది. ఐర్లండ్ బిర్ కోటలో లార్డ్ రాస్ 72 అంగుళాల యంత్రంతో చూసినవి చాలావరకు "తెలిసిన నీహారికకు ఈశాన్యంగా 5 నిమిషాలు" తరహావి. మాల్టాలో లాసెల్ 48 అంగుళాల దూరదర్శినితో మార్త్ పట్టిన 600 అంశాలకు వర్ణన రెండు మూడు మాటలే.

దీనికి పూర్తి విరుద్ధం మార్సెయ్‌లో స్టెఫాన్. 80 సెంటీమీటర్ల అద్దంతో, మైక్రోమీటర్ అనే సన్న కొలతల పరికరంతో, పక్క నక్షత్రం నుంచి ఆర్క్‌సెకన్ల దాకా కొలిచేవాడు. ఆయన స్థానం తప్పితే నక్షత్రాన్నే తప్పుగా గుర్తించి ఉంటాడు. కొలిచిన తేడా అలాగే ఉంచి నక్షత్రం మారిస్తే గెలాక్సీ దొరుకుతుంది. పారిస్‌లో బిగూర్దాన్ కూడా అంత శ్రద్ధగానే కొలిచాడు. కానీ ఆయన "కొత్త నీహారికలు" చాలా మటుకు మసక నక్షత్రాలో, దగ్గరదగ్గర ఉన్న జంట నక్షత్రాలో అని తేలింది. కొలత కచ్చితంగా ఉన్నంత మాత్రాన చూసింది నీహారిక అయి తీరాలని లేదు.

వర్జీనియాలోని లియాండర్ మకార్మిక్ వేధశాల జాబితాలు మరో రకం. 26 అంగుళాల కటకంతో 1885 నుంచి ఓర్మండ్ స్టోన్, లీవెన్‌వర్త్, ముల్లర్ దక్షిణపు మసక గెలాక్సీలు వందల్లో పట్టారు. ఆర్‌ఏ ఉజ్జాయింపుగా ఇచ్చారు. ఒకటి రెండు నిమిషాల తేడా అక్కడ మామూలు. కానీ గెలాక్సీ ఏ దిశలో సాగి ఉందో ఇచ్చిన కోణం, గీసిన బొమ్మ నమ్మదగ్గవి. కాబట్టి వాళ్లవాటికి అంకెల్ని పక్కనపెట్టి కోణంతో వెతకాలి. పరిశీలకుడి అలవాటు తెలియకుండా అతని జాబితా ముట్టుకోకూడదు.

బొమ్మతో పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఏడాదికి అర ఆర్క్‌సెకను జరిగే నక్షత్రం 140 ఏళ్లలో 70 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. బొమ్మలో ఉన్న త్రిభుజం ఇవాళ ఫొటోలో త్రిభుజంలా ఉండదు. గయా ఉపగ్రహం కొలిచిన చలనంతో నక్షత్రాల్ని వెనక్కి జరిపి చూడాలి. ఆ కాలపు స్థానాలు నేరుగా కావాలంటే పాత ఫొటోల నుంచి కొలిచిన నక్షత్రాల జాబితా ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ ఉంది. హైదరాబాద్ నిజామియా వేధశాల 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో ఫొటో తీసి కొలిచిన -17 నుంచి -23 డిగ్రీల పట్టీ అందులో భాగమే.

అపోహ: స్థానానికి అన్నిటికన్నా దగ్గరున్న గెలాక్సీయే అసలుది.

ఎమ్91 విషయంలో ఎన్‌జీసీ 4571 అసలు గెలాక్సీ కన్నా ఆ ఖాళీ చోటుకి దగ్గర. అయినా అది కాదు. అది ఉపరితల ప్రకాశం తక్కువున్న గెలాక్సీ, మెస్సియే చిన్న యంత్రాలకు అందదు. దూరం ఒక్కటే కొలమానం కాదు. ఆ యంత్రంలో అది కనిపించేదా అన్నది దానికన్నా ముందు ప్రశ్న. విలియం హెర్షెల్ 18.7 అంగుళాల లోహపు అద్దం బాగా మెరుగు పెట్టినప్పుడు కూడా మూడింట రెండు వంతుల కాంతినే తిప్పి పంపేది. ఇవాళ్టి లెక్కలో అది 15-16 అంగుళాల దూరదర్శిని కింద లెక్క.

అపోహ: వర్ణనలు ఉత్త మాటలు, వాటితో పనిలేదు.

చాలాసార్లు పని జరిగేదే వాటితో. అమెరికా పరిశీలకుడు లూయిస్ స్విఫ్ట్ స్థానాలు గాలివాటంగా ఉంటాయి. కానీ "రెండు నక్షత్రాల మధ్య", "పక్కనే జంట నక్షత్రం" అని రాస్తాడు. ఆ మాట సరిపోతే మిగతా సందేహాలు తీరిపోతాయి.

డ్రేయర్ సంకేతాల్లో పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ అర్థం వేరు. పెద్ద ఎఫ్ అంటే మసక, చిన్న ఎఫ్ అంటే వెనక వచ్చేది, అంటే తూర్పు. పెద్ద ఎస్ అంటే చిన్నది, చిన్న ఎస్ అంటే దక్షిణం లేదా "హఠాత్తుగా". పెద్ద ఈ అంటే సాగినది, చిన్న ఈ అంటే "అత్యంత". స్కాన్ చేసి అక్షరాలుగా మార్చిన ప్రతుల్లో పెద్దవి చిన్నవైపోతే వర్ణన మొత్తం తలకిందులవుతుంది. ముద్రించిన పేజీ బొమ్మనే చూడండి. డ్రేయర్ నలుగురు పరిశీలకుల మాటల్ని ఒక వరుసలోకి కుదించిన సందర్భాలున్నాయి కాబట్టి, వీలైతే ఆయనకు ముందున్న మూలానికే వెళ్లండి.

అపోహ: మంచి ఫొటో ఉంటే కంటి పరిశీలన అక్కర్లేదు.

ఫొటోలో పెద్ద సర్పిలంగా ఉన్నది కంటికి చిన్న గుండ్రటి చుక్కలా కనిపిస్తుంది, కేంద్రం మాత్రమే అందుతుంది కనుక. మధ్య పట్టీ ఉన్న గెలాక్సీలో పట్టీ ఒక్కటే కనిపించి, "సాగినది" అని పట్టీ దిశను రాసి ఉంటారు. ఫొటోలో బయటి చక్రం దిశ వేరే ఉంటుంది. రెండూ పొసగలేదని కొట్టిపారేస్తే సరైన గెలాక్సీనే వదిలేసినట్టు. అలాదిన్ అనే ఆకాశ ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో 30 ఆర్క్‌నిమిషాల మేర నీలి ప్లేటు (నీలి కాంతిలో తీసిన ఫొటో) తెరిచి, ప్రకాశాన్ని కేంద్రాలు మాత్రమే మిగిలేదాకా తగ్గించి చూడండి. పరిశీలకుడు చూసిన దానికి అది దగ్గరగా ఉంటుంది.

అపోహ: ఒకే గెలాక్సీకి రెండు సంఖ్యలుంటే ఒకటి తీసేయాలి.

వద్దు. ఎన్‌జీసీ 6, ఎన్‌జీసీ 20 ఒకే గెలాక్సీ. బిర్‌లో ఒకసారి, స్విఫ్ట్ మరోసారి చూశారు. రెండు సంఖ్యలూ రెండు వేర్వేరు పరిశీలనలకు గుర్తులు. సమానం గుర్తు పెట్టి రెండూ ఉంచాలి. దీనికి ఎదురు సందర్భం స్టెఫాన్ పంచకంలోని (ఐదు గెలాక్సీల గుంపు) ఎన్‌జీసీ 7318. ఒక్క సంఖ్య కింద రెండు గెలాక్సీలు. వాటికి ఏ, బీ అని చేర్చారు. పక్కపక్కన ఉన్నవన్నీ బంధువులనీ అనుకోకండి. అదే పంచకంలో ఎన్‌జీసీ 7320 మిగతావాటికన్నా చాలా దగ్గరిది. ఎన్‌జీసీ 1, ఎన్‌జీసీ 2 కూడా చూపుకే జంట.

మీ జాబితాలో ఎక్కించేటప్పుడు ప్రతి వరుసలో సంఖ్య, పరిశీలకుడు, తేదీ, మూల స్థానం, దాని యుగం, 2000 స్థానం, మీరు వేసిన సవరణ, దానికి కారణం ఉండాలి. గుర్తింపు ఖాయమైతే ఏ గుర్తూ పెట్టకండి. కొద్దిపాటి సందేహం ఉంటే రెండు చుక్కలు (:), ఎక్కువ ఉంటే ప్రశ్నార్థకం (?) పెట్టండి. మీరు పరిశీలించి కాదన్న పక్క గెలాక్సీల పేర్లు కూడా రాయండి, ఎందుకు కాదన్నారో సహా. ఎప్పుడో ఎవరో ఆ పరిశీలకుడి చేతిరాత నోటు పుస్తకం తెరిచినప్పుడు, మళ్లీ మొదటికి రాకుండా ఆ వరుస నుంచే మొదలుపెడతారు.