దాళ్వా వంతు, కంప్యూటర్ వంతు

దాళ్వాలో, అంటే రెండో పంటకి, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు తగ్గితే కాలవలకి వంతులవారీగా వదులుతారు. లేకపోతే ఎగువ చేలు నిండి శివారు చేలు ఎండిపోతాయి. యూనివర్సిటీలు పరిశోధన కోసం కంప్యూటర్లను ఎలా పంచుకుంటాయో చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఒక లెక్క చూడండి. 1996 నవంబరులో కోనసీమని కకావికలం చేసిన తుఫాను ఇంకాస్త దక్షిణంగానో ఉత్తరంగానో తీరం దాటి ఉంటే ఉప్పెన ఏ ఊళ్ళదాకా వచ్చేది? తెలియాలంటే తుఫాను దారి, గాలి వేగం మార్చి మార్చి ఓ 200 సార్లు లెక్క కట్టాలి. ఒక్కోదానికి 6 గంటలనుకుంటే ఒకే కంప్యూటర్ మీద 50 రోజులు. కానీ ఏ లెక్కకీ పక్క లెక్కతో పనిలేదు కదా, 50 కంప్యూటర్లకి తలా నాలుగు పంచితే ఒక్క రోజు చాలు. సాయంత్రం అవగానే కాలేజీ ల్యాబులకి తాళం పడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, లోపల ఉన్నవన్నీ తెల్లారేదాకా ఖాళీయే.

ఆ ఖాళీని వాడుకోవడానికే అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో 1988లో కాండర్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. ఇప్పుడు దాని పేరు హెచ్‌టీకాండర్, ఉచితంగా దొరుకుతుంది. మన పని వరసలో పెడితే, ఏ మెషీన్ ఖాళీగా ఉందో, దానికి మెమరీ ఎంతుందో చూసి అదే జత కుదురుస్తుంది. మెషీన్ సొంతదారు వచ్చి కీబోర్డు ముట్టుకోగానే బయటి పని తప్పుకునేలా పెట్టుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది దాని వంతు లెక్క. ఎక్కువ వాడినవాళ్ళు వరసలో వెనక్కి వెళ్తారు, కానీ ఎప్పటికీ అక్కడే ఉండిపోరు, ఎందుకంటే మామూలు సెట్టింగులో పాత వాడకం బరువు రోజుకి సగం చొప్పున తగ్గిపోతుంది. అందుకే నిన్నగాక మొన్న చేరిన కుర్ర పరిశోధకుడికి కూడా, శివారు చేనుకి నీళ్ళు అందినట్టు, వంతు అందుతుంది.

అన్ని పనులూ ఇలా కుదరవు. ఒకే ఉప్పెనని చాలా సూక్ష్మంగా లెక్క కట్టాలంటే సముద్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టాలి, ప్రతి గడీ క్షణక్షణం పక్క గడిని అడగాలి. అలాంటిదానికి సూపర్ కంప్యూటరే కావాలి.

మన కాకినాడ, రాజమండ్రి, భీమవరం కాలేజీలు కలిసి ఈ హెచ్‌టీకాండర్ పెట్టుకోవాలని నా కోరిక. రాత్రి కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి. పని ఎంతదాకా వచ్చిందో ప్రోగ్రామే మధ్యమధ్యలో డిస్కులో రాసుకుంటూ ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు మళ్ళీ మొదటికే. కాలవకి లస్కరు ఉన్నట్టు దీనికీ జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలి, ఏ మెషీన్ పడిపోయిందో చూసి లేపడానికి.