సూర్యుడి తుపాను దారిలో ఎందుకు మారుతుంది?

కావలి వైపు పెద్దవాళ్లకు 1989 నవంబరు తుపాను ఇంకా గుర్తే. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన ‘గే’ అక్కడి నేలను దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలం పుంజుకుని కావలి దగ్గర తీరం దాటింది. ఎక్కడ పుట్టిందో తెలిస్తే చాలదని, దారిలో ఏమవుతుందో కూడా తెలియాలని నెల్లూరు, ప్రకాశం తీరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) ముద్దలే సూర్యుడి తుపాన్లు. వాటితో శాస్త్రవేత్తల ఇబ్బందీ అదే. ఆ ఏడాది మార్చి 13నే అలాంటి తుపాను కెనడాలోని క్యుబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి 9 గంటలపాటు కరెంటు లేకుండా చేసింది.

1859లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త కారింగ్టన్ సూర్యుడి మీద మెరుపు చూసిన సుమారు 17 గంటలకు భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. బొంబాయి కొలాబాలోని పరికరాలు కూడా దాన్ని నమోదు చేశాయి. మధ్యలో ఆ 15 కోట్ల కిలోమీటర్లలో ఏం జరిగిందో చూసే దారి అప్పట్లో లేదు. సూర్యుడు ప్లాస్మా ముద్దను విసరడం అంతరిక్షం నుంచి మొదట కంటబడింది 1971లో. 1995లో వెళ్లిన సోహో నౌక వాటిని వేలల్లో చూపించింది. 2006లో వెళ్లిన స్టీరియో జంట నౌకలు పక్క నుంచి చూసి, దారి పొడవునా వెంటాడడం నేర్పాయి.

అప్పుడు తేలిందేమిటంటే, ఈ ముద్ద బయల్దేరినట్టే వచ్చి చేరదు. సెకనుకు 2,000 కిలోమీటర్ల వేగంతో వచ్చేదాన్ని సూర్యుడి నుంచి ఎప్పుడూ సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీచే కణాల ప్రవాహం, అంటే సౌర పవనం, వెనక్కి లాగి నెమ్మదింపజేస్తుంది. నింపాదిగా వచ్చేదాన్ని అదే పవనం ముందుకు నెడుతుంది. ముద్ద ఉబ్బుతుంది, పక్కకి ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది. వెనకొచ్చేది ముందుదాన్ని అందుకుంటే రెండూ కలిసిపోతాయి కూడా. అన్నిటికన్నా ముఖ్యం లోపలి అయస్కాంత క్షేత్రం దిశ. అది దక్షిణానికి తిరిగి ఉంటే భూమికున్న అయస్కాంత కవచం తెరుచుకుంటుంది. ఉత్తరానికి ఉంటే అంత పెద్ద తుపాను కూడా చాలావరకు ఊరికే పోతుంది. తెరుచుకున్నప్పుడు జీపీఎస్ తప్పుదోవ పట్టొచ్చు. జువ్వలదిన్నె, కొత్తపట్నం నుంచి వేటకెళ్లే పడవలు కూడా దాన్ని నమ్ముకున్నవే.

2022 జిల్లాల విభజనకు ముందు నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయల్దేరింది ఇందుకే. 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 అనే తన చోటికి చేరింది. అక్కడ 6 మీటర్ల కడ్డీకి బిగించిన మాగ్నెటోమీటరు అనే పరికరం అయస్కాంత క్షేత్రం దిశనే కొలుస్తుంది. అయితే సెకనుకు 800 కిలోమీటర్లతో వచ్చే తుపానుకు అక్కడి నుంచి భూమి అరగంట దూరమే. కరెంటు గ్రిడ్ నడిపేవాళ్లకు అరగంట ఏ మూలకు?

2025 మార్చిలో నాసా పంపిన పంచ్, నాలుగు చిన్న ఉపగ్రహాలతో సూర్యుడి దగ్గర నుంచి భూమి దాకా ఈ ముద్దల్ని ఫొటోలు తీస్తోంది. ఆకారం, వేగం తెలుస్తాయి. కానీ అయస్కాంత క్షేత్రం దిశ కెమెరాకి నేరుగా కనపడదు, తుపాను తాకిన చోటే కొలవాలి. అందుకే ఎల్1 కంటే ఇంకా సూర్యుడి వైపు, దారిలోనే కొలిచే నౌకలు కావాలన్న ప్రతిపాదనలున్నాయి. శ్రీహరికోట నుంచి తర్వాత వెళ్లాల్సింది అలాంటిదేనని నా గట్టి అభిప్రాయం.