కిలో జీడిపప్పుకు 700 పిక్కలు

చిన్నీ, బబ్లూ,

మొన్న బేగంబజార్‌లో మీరు అడిగిన ప్రశ్న అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. పల్లీలూ కిలోనే, జీడిపప్పూ కిలోనే కదా, మరి జీడిపప్పుకు ధర ఐదారు రెట్లు ఎందుకు ఎక్కువని. సరిగ్గా అడగాల్సిందే అడిగారు.

ఎండలు మొదలయ్యాయి, మీ వీధి చివర ముంజలు వచ్చే ఉంటాయి. ఒకతను తాటిచెట్టెక్కి గెల దించాలి. కాయ తల చెక్కితే మూడు కళ్ళు కనిపిస్తాయి. ముంజ చితక్కుండా, నీళ్ళు కారకుండా బయటికి తియ్యాలి. ఆ పైన పొట్టు మీరే గోళ్ళతో ఒలుచుకుంటారు. అంత బరువు కాయలో తినేది గుప్పెడే. చితికినదాన్ని డజనులో లెక్కపెట్టరు. జీడిపప్పుదీ ఇదే సంగతి, కాకపోతే దీనికి మూడు కళ్ళు కూడా లేవు. పండుకు ఒక్కటే పిక్క, అదీ కింద బయటికి వేలాడుతుంది.

పలాస వైపు మార్చి నుంచి మే దాకా రాలిన పండ్లు ఏరి, పిక్క మెలితిప్పి తీసి, ఎండబెడతారు. నాలుగు కిలోల పిక్కలు కొడితే పప్పు సుమారు ఒక కిలో. పూత మీద వాన పడినా, తేయాకు దోమ అనే పురుగు పట్టినా పూత మాడిపోతుంది. పల్లీ నాలుగు నెలల్లో చేతికొస్తుంది. జీడిమామిడి అంటుమొక్కైనా కాపుకు మూడేళ్ళు పడుతుంది.

అసలు కష్టం పెంకు దగ్గర. మామిడికాయ సొన పెదవికి అంటితే పుండు పడుతుంది కదా? జీడిమామిడి ఆ చెట్టుకు చుట్టమే. దీని పెంకులో తేనెపట్టు గదుల్లాంటి వాటిలో ఘాటైన నూనె ఉంటుంది, చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే పిక్కల్ని ఆవిరిలో ఉడికించి, చల్లారనిచ్చి, చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని, రెండు కత్తులున్న కాలి యంత్రంలో ఒక్కొక్కటే పెట్టి కోస్తారు. ఉడుకు తక్కువైతే పెంకుతోపాటు పప్పూ విరుగుతుంది, ఎక్కువైతే రంగు మారుతుంది. తర్వాత 70 డిగ్రీల వేడిలో ఆరేడు గంటలు ఆరబెడితే పొట్టు వదులవుతుంది. దాన్ని చిన్న కత్తితో గీకి తియ్యాలి. ఎక్కువ ఆరితే పప్పు పెళుసెక్కి బద్దలవుతుంది. గుండు పప్పుకున్న ధర బద్దకు లేదు, ముక్కకు ఇంకా తక్కువ.

ప్యాకెట్ మీద 320 అని చూశారా? ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 320 దాకా గుండ్లు అని దాని అర్థం. లెక్కన కిలోకు సుమారు 700 పప్పులు. 700 సార్లు ఏరడం, కోయడం, ఒలవడం.

బాదమూ ఖరీదే కానీ, దాని సంగతి కొంచెం వేరు. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు కాలిఫోర్నియాదే. దాని ధరలో ఓడ కిరాయి, దిగుమతి సుంకం, డాలరు రేటు అన్నీ కలుస్తాయి.

అమ్మకు ఒక మాట చెప్పండి: పాయసానికీ ఉప్మాకూ ముక్కలు చాలు, రుచి అదే. గుండు పప్పు పైన అలంకరించడానికి ఉంచుకోండి.

ఇంట్లో ఉన్న పప్పులోంచి 45 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 32 వస్తే 320 రకం, 24 వస్తే 240 రకం. ఒక్కో పప్పు గుంటలో ఎర్రపొట్టు పీలిక మిగిలిందేమో కూడా చూడండి. ఎన్ని వచ్చాయో సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య