షీల్డు మీద బడి పేరు, సర్టిఫికెట్ మీద పిల్లాడి పేరు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీల సీజన్ వచ్చిందంటే హనుమకొండలో, కాజీపేటలో బడుల గేట్లకు ఫ్లెక్సీలు వేలాడతాయి. రాష్ట్రస్థాయికి ఎంపికైన ఫుట్‌బాల్ ఆటగాళ్లు దండలతో వరసగా నిలబడి ఉంటారు, మధ్యలో వాళ్లకంటే పెద్ద సైజులో కరస్పాండెంట్ సారు. ఉత్తర తెలంగాణలో ఏ బడికి ఫుట్‌బాల్‌లో ఎంత రికార్డు ఉందో లెక్క తీద్దామని కూర్చుంటే మాత్రం మొదట్లోనే చిక్కొచ్చి పడుతుంది. బడుల మధ్య పోటీలు మన దగ్గర రెండు రకాలు. ఒకదాంట్లో బడే ఆడుతుంది. రెండోదాంట్లో ఆడేది బడి పిల్లలు, బడి కాదు. ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి.

ఎక్కువమందికి తెలిసింది ఆ రెండో రకమే. దాన్ని నడిపే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954లో మొదలైంది. మండల స్థాయిలో బడులు బడులుగానే తలపడతాయి. ఆ మెట్టు దాటాక బడి పేరు పక్కకు జరుగుతుంది. బాగా ఆడినవాళ్లను ఏరి జట్టు కడతారు, జోనల్‌లో ఒకసారి, జిల్లాలో ఒకసారి వడపోస్తారు. రాష్ట్రస్థాయిలో కప్పు అందుకునేది వరంగల్ జిల్లా జట్టు. అందులో ఒక మిషనరీ బడి పిల్లలు ముగ్గురుండొచ్చు, ఏదో పల్లె జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఒక్కడే ఉండొచ్చు. మర్నాడు పొద్దున ప్రతి బడీ తానే గెలిచానంటుంది. అది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజమూ కాదు.

ఇక మొదటి రకం, బడే ఆడే ఫుట్‌బాల్ పోటీ, సుబ్రతో కప్. భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ ఆలోచన అది. 1960లో మొదలైంది. అదే ఏడాది నవంబరులో ఆయన టోక్యోలో కన్నుమూశారు. వైమానిక దళమే నేటికీ దాన్ని నడిపిస్తోంది. ఇక్కడ ఏరుకోవడాలు లేవు. జిల్లాలో గెలిచిన బడి రాష్ట్రానికి, రాష్ట్రంలో గెలిచిన బడి జాతీయ పోటీలకు. గోల్‌కీపర్ నుంచి సబ్‌స్టిట్యూట్ దాకా అందరూ ఒకే హాజరుపట్టీలో ఉండాలి. ఎంట్రీ ఫారంలో ఒక్కొక్కడి అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ రాసి, ఫొటో మీదుగా హెడ్మాస్టర్ సంతకం చేసి స్టాంపు వేయాలి. బడి ఫుట్‌బాల్ కార్యక్రమం గట్టిదా కాదా తేల్చేది నా లెక్కలో ఈ పోటీయే.

ఈ ఆటకు తెలంగాణలో బడి కొత్తేమీ కాదు. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కు బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత ఎత్తుకున్నారు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు, వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో టోర్నమెంటు పెట్టించేవారు. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1963లో ఆయన పోయారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ తర్వాత మెల్లగా జారిపోయిందన్నది అందరికీ తెలిసిందే, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. ఉత్తర తెలంగాణకు సంబంధించినంత వరకు ముఖ్యమైంది ఒక్కటే: ఆ వెలుగంతా చాలావరకు జంట నగరాల్లోనే ఉండిపోయింది.

ఇటువైపు ఆటకు చోటు దొరికింది కంపెనీల నీడన. కాజీపేటలో రైల్వే మైదానం, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియం, గోదావరిఖనిలో నెహ్రూ స్టేడియం, కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు గ్రౌండు. రైల్వే, సింగరేణి, మిల్లు: డ్యూటీ దిగిన కార్మికులు ఆడుకోవడానికి వీళ్లకు స్థలం కావలసి వచ్చింది, ఆ పక్క క్వార్టర్ల పిల్లలకు అది కలిసొచ్చింది. దీనికి మిషనరీ బడుల పెద్ద ఆవరణలు తోడయ్యాయి. పల్లె బడికి ఆ భాగ్యం లేదు. పెద్దల మ్యాచ్‌కు వాడే 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గ్రౌండుకు 70 గుంటల పైచిలుకు భూమి కావాలి, అంటే ఎకరం ముప్పావు. కబడ్డీ కోర్టుకు గుంటన్నర కూడా అక్కర్లేదు. ఊరి బడిలో ఆటలు నేర్పే పీఈటీ సారు ఉంటే, ఉన్న ఆ ఒక్క సారు కబడ్డీ, ఖోఖో వైపు మొగ్గాడంటే తప్పు పట్టడానికేముంది?

రికార్డులు పోల్చేటప్పుడు జనం మరిచిపోయే సంగతి ఇంకోటి ఉంది. 2014 జూన్‌కు ముందు రాష్ట్రస్థాయి అంటే 23 జిల్లాలు. వరంగల్ జట్టు హైదరాబాద్‌ను, విశాఖను, అనంతపురాన్ని దాటాలి. తెలంగాణ వచ్చాక 10 జిల్లాలు. 2016 అక్టోబరులో అవి 31 అయ్యాయి, 2019లో 33. పాత వరంగల్ ఒక్కటే ఆరు ముక్కలైంది. ఎస్‌జీఎఫ్ సెలక్షన్లకు ఇప్పటికీ ‘ఉమ్మడి వరంగల్’ మాట వాడుకలోనే ఉంది. అందుకే ‘జిల్లా ఫస్ట్’ అని చెక్కిన షీల్డు ఏ ఏటిదో చూడకుండా దాని బరువు తెలియదు. హెడ్మాస్టర్ గదిలో అద్దాల బీరువా తెరిస్తే ఆ ఏడాదే సగం వాటి మీద చెరిగిపోయి ఉంటుంది. ఇత్తడి పలకను ఏటా ఆగస్టు 15కు తోమి తోమి అంకెలు అరిగిపోతాయి.

ఇక మన బడులు సుబ్రతో కప్‌లో ముందుకు పోవడం ఎందుకంత కష్టం? గ్రౌండు లేదు, కిట్లు లేవు, పీఈటీ పోస్టులు ఖాళీ అని వెంటనే చెబుతారు. అవన్నీ ఉన్నవే. కానీ అసలు మెలిక మన చదువుల ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం. అండర్-17 పోటీకి మిజోరం నుంచో కేరళ నుంచో వచ్చే బడిలో పన్నెండో తరగతి దాకా అక్కడే ఉంటుంది. మన జిల్లా పరిషత్ హైస్కూలు పదో తరగతితో సరి. అంటే మనవాళ్లు పదిహేనేళ్ల పిల్లలతో పదిహేడేళ్లకు దగ్గరపడ్డ కుర్రాళ్ల మీదికి దిగాలి. ఆ వయసులో రెండేళ్ల తేడా అంటే భుజం తగిలితే ఎవరు కింద పడతారో ముందే తెలిసిపోయేంత తేడా. పైగా ఏటా జూన్‌లో బడి తెరిచేసరికి పోయినేటి ఫార్వర్డూ, సెంటర్ బ్యాకూ టీసీ పట్టుకుని వెళ్లిపోయి ఉంటారు. కొత్త జట్టు కాస్త కుదురుకునేలోపే, వానల్లోనే జిల్లా మ్యాచ్‌లు వచ్చిపడతాయి.

1993లో మొదలైన హకీంపేట స్పోర్ట్స్ స్కూలుకు ఈ బాధ తక్కువ. అక్కడ పిల్లలు హాస్టల్లో ఉండి ఆట కోసమే చదువుతారు. ఆ బడినీ, డ్రిల్లు పీరియడ్‌లో లెక్కల క్లాసు నడిపే బడినీ ఒకే పట్టికలో పెట్టి మార్కులు వేయడం న్యాయం కాదు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే వ్యవహారం ఇంకోలా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం. దానికి పనికొచ్చేది సర్టిఫికెట్, అది పిల్లాడి పేరు మీద ఉంటుంది. షీల్డు బడి బీరువాలో ఉండిపోతుంది. కాబట్టి తెలివైన తండ్రి కొడుకును సెలక్షన్స్‌కు పంపుతాడు, బడి జట్టు ఓడినా పెద్దగా బాధపడడు. పీఈటీ సార్లు కూడా దీనికి అలవాటు పడిపోయారు. ‘ఎంతమంది సెలెక్టయ్యారు’ అంటారే గానీ ‘మన బడి ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది’ అని అడిగేవాళ్లు అరుదు.

ఆడపిల్లల విషయంలో ఈ పట్టిక మరీ పలచన. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కూ వెళ్లింది. మొదట ఆమె పరుగు పందాల పిల్ల. కాళ్లలోని వేగం చూసి కోచ్ ఫుట్‌బాల్ వైపు తిప్పారు. ఇంత పెద్ద పేరు కూడా ఏ బడి షీల్డుల లెక్కలోకీ సరిగా ఇమడదు.

ఈ మధ్య కాస్త దారి కనిపిస్తున్నది గురుకులాల్లో. చాలావాటికి ఇంటర్ కలిసింది, పిల్లలు అక్కడే ఉంటారు, ఐదో తరగతిలో చేరినవాడు పన్నెండు దాకా అదే హాజరుపట్టీలో కొనసాగుతాడు. మామూలు బడి పిల్లాడి సంగతి వేరు. పది పాసవగానే హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరతాడు. నాలుగంతస్తుల భవనం, పొద్దున ఆరు నుంచి స్టడీ అవర్, కింద సెల్లార్‌లో బైకుల పార్కింగ్. అండర్-19 ఎంట్రీ ఫారం ఆ కాలేజీకీ వస్తుంది. దాన్ని నింపి పంపే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పోస్టు మాత్రం చాలాచోట్ల ఉండదు.