ఆటపాటలకు పోలీసు అనుమతి: న్యూయార్క్ క్యాబరే చట్టం వెనుక కథ

1948 మార్చి 27 రాత్రి న్యూయార్క్‌లోని కార్నెగీ హాలు కిక్కిరిసిపోయింది. కుర్చీలు చాలక వేదిక మీద కూడా శ్రోతలను కూర్చోబెట్టారు. పాడుతున్నది జాజ్ గాయని బిల్లీ హాలిడే. మాదకద్రవ్యాల కేసులో జైలుశిక్ష అనుభవించి ఆమె విడుదలై అప్పటికి కొద్ది రోజులే అయింది. అంతమంది ముందు పాడిన ఆ గాయని, అక్కడికి నాలుగైదు వీధుల అవతల 52వ వీధిలో ఉన్న ఏ చిన్న జాజ్ క్లబ్బులోనైనా పాడతానంటే మాత్రం చట్టం ఒప్పుకోదు. మద్యం అమ్మే చోట పాడాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు చేతిలో ఉండాలి. క్యాబరే అంటే తిండి, మద్యంతోపాటు ఆటపాటలు ఉండే చోటు. జైలుకు వెళ్లివచ్చిన మనిషికి ఆ కార్డు ఇవ్వరు. కార్నెగీ హాలులో అప్పట్లో మద్యం అమ్మేవారు కాదు కాబట్టి అక్కడ కార్డుతో పని లేదు. 1959లో, 44 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆమెకు ఆ కార్డు తిరిగి దక్కలేదు.

ఆ కార్డుకు మూలమైన క్యాబరే చట్టం 1926లో పుట్టి 2017లో రద్దయింది. రద్దయినప్పుడు ‘న్యూయార్క్‌లో డ్యాన్సు మీద నిషేధం తొలగింది’ అంటూ వార్తలు వచ్చాయి. అది చివరి అధ్యాయం మాత్రమే. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ చట్టం బారు యజమాని జోలికి పెద్దగా పోకుండా, అక్కడ వాయించి పొట్టపోసుకునే వాద్యకారుడి మెడ మీద కూర్చుంది. ఈ కథలో ముందుగా చెప్పుకోవలసినది అదే.

1926 నాటికి అమెరికాలో మద్యనిషేధం అమలవుతోంది. తాగుడు ఆగలేదు, తలుపుల వెనక్కి వెళ్లింది. రహస్య బార్లు వీధివీధినా వెలిశాయి. అదే సమయంలో న్యూయార్క్‌లో నల్లవారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో జాజ్ ఉప్పొంగుతోంది. అక్కడి కొన్ని క్లబ్బుల్లో నల్లవారు, తెల్లవారు ఒకే గదిలో కూర్చుని సంగీతం వినేవారు, కలిసి నాట్యం చేసేవారు. నగర మండలి పెద్దలకు ఇదంతా కంటగింపుగా ఉండేది. ఊరికి వచ్చే అదుపులేని పరాయివాడికీ, బుద్ధిలేని స్థానికుడికీ కాస్త కళ్లెం వేయాలన్నది వారి నివేదికలో కనిపించే ధోరణి. ఫలితంగా, ఆహారమో పానీయమో అమ్మే ఏ చోటైనా సంగీతం, పాట, నాట్యం ఉండాలంటే లైసెన్సు తప్పనిసరి అయింది. వర్ణవివక్ష చట్టంలో అక్షరాలా రాసి లేదు. దాని గురి హార్లెమ్ మీదే ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ తర్వాత అది అమలైన తీరు చూస్తే వారి మాట కొట్టిపారేయలేం.

1931లో ఈ లైసెన్సుల పెత్తనం పోలీసు శాఖకు వెళ్లింది. 1940 నుంచి క్లబ్బుకే కాదు, అందులో పనిచేసే ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు ఉండాలన్నారు. వంటవాడు, వెయిటరు, గాయని, డ్రమ్మరు ఎవరైనా సరే పోలీసుల దగ్గరకు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, రుసుము కట్టాలి, రెండేళ్లకోసారి కార్డును కొత్తది చేయించుకోవాలి. పాత కేసు ఉంటే దరఖాస్తు తిప్పికొట్టేవారు, కొత్త కేసు వస్తే ఉన్న కార్డు లాగేసుకునేవారు. న్యాయస్థానం వేసిన శిక్షకు ఒక గడువు ఉంటుంది. ఈ శిక్షకు అదీ లేదు.

1951లో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్, మిత్రుడు బడ్ పావెల్‌తో కారులో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. కారులో హెరాయిన్ దొరికింది. అది ఎవరిదో చెప్పడానికి మంక్ నిరాకరించారు. జైలుశిక్ష రెండు నెలలతో తీరింది, కార్డు మాత్రం ఆరేళ్ల దాకా రాలేదు. జాజ్ సంగీతం దారి మళ్లించినవారిలో ఒకరు, మంచి వయసులో, తన సొంత ఊరి క్లబ్బుల్లో వాయించలేకపోయారు. 1957లో కార్డు తిరిగొచ్చాక ఫైవ్ స్పాట్ అనే చిన్న బారులో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌తో కలిసి నెలల తరబడి వాయించారు. ఆ కచేరీలను జాజ్ లోకం ఇప్పటికీ తలుచుకుంటుంది. అంతకుముందటి ఆరేళ్లలో వినిపించకుండా పోయిన సంగీతాన్ని ఎవరు తెచ్చి ఇవ్వగలరు?

శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌కు జరిగింది ఇంకా బాధాకరం. ఆయన ముద్దుపేరు ‘బర్డ్’. ఆ పేరు మీదే 1949లో బ్రాడ్‌వేలో ‘బర్డ్‌లాండ్’ క్లబ్బు తెరిచారు. 1951లో కార్డు పోవడంతో, తన పేరు పెట్టుకున్న క్లబ్బులో సైతం వాయించే హక్కు ఆయనకు లేకుండా పోయింది. 1953లో మద్య నియంత్రణ అధికారులకు ఆయన ఒక ఉత్తరం రాశారు. తన వృత్తి తనను చేసుకోనివ్వడం లేదని, ఏ తప్పూ ఎరుగని భార్యాపిల్లలు ఇబ్బంది పడుతున్నారని, వైద్యుడికి ఇవ్వడానికి డబ్బు లేక పసిపాప ఆరోగ్యం దెబ్బతిన్నదని అందులో మొరపెట్టుకున్నారు. ప్రపంచమంతా తల పంకించి విన్న కళాకారుడు ఒక గుమాస్తా బల్ల ముందు అలా చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. కార్డు చివరికి ఇచ్చారు. 1955లో, 34 ఏళ్లకే ఆయన చనిపోయారు.

గాయకుడు ఫ్రాంక్ సినాట్రా లాంటి ఘనులు వేలిముద్రలు ఇచ్చేది లేదని భీష్మించుకుని, న్యూయార్క్ క్లబ్బులనే వదులుకున్నారు. ఆయనకు అది చెల్లింది. వారం కూలి మీద బతికే ట్రంపెట్ వాద్యకారుడికి చెల్లుతుందా? 1960లో లార్డ్ బక్లీ అనే హాస్య కళాకారుడి కార్డును పోలీసులు లాక్కున్నారు. కొద్ది వారాలకే ఆయన మరణించారు. దానిపై పెద్ద దుమారం రేగింది, కార్డుల జారీలో అవకతవకల మీద ఆరోపణలు వచ్చాయి. అయినా ఆ పద్ధతి ఎత్తివేయడానికి 1967 దాకా పట్టింది.

కార్డులు పోయాయి, లైసెన్సు మిగిలింది. దానితోపాటు ఒక వింత నిబంధన కూడా మిగిలింది. 1961లో చేసిన సవరణ ప్రకారం, ముగ్గురికి మించకుండా పియానో, ఆర్గాన్, అకార్డియన్, గిటారు లేదా మరే తీగవాద్యమైనా వాయించే చోట్లకు క్యాబరే లైసెన్సు అక్కర్లేదు. డ్రమ్ము, శాక్సోఫోన్, ట్రంపెట్లలో ఏ ఒక్కటి చేరినా లైసెన్సు కావాలి. అది తెచ్చుకోవడం చిన్న బారుకు తలకు మించిన పని. నాలుగో మనిషి వేదిక ఎక్కినా అదే గతి. జాజ్‌కు ఊపిరి ఊదేవి ఊదుడు వాద్యాలు, నడక నేర్పేది డ్రమ్ము. వాటినే ఏరి పక్కన పెట్టారు. చిన్న బార్లలో పియానో, బాస్, గిటారు కూర్పులతో సరిపెట్టుకోవలసి వచ్చిందంటే అందులో చట్టం చెయ్యి ఉంది. అది కళాకారుల అభిరుచి అని మాత్రమే అనుకుంటే పొరపాటు.

ఈ నిబంధనపై వైబ్రాఫోన్ వాద్యకారుడు వారెన్ చియాసన్, మరికొందరు సంగీతకారులు కోర్టుకెక్కారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు పాల్ చెవిన్యీ వారి తరఫున వాదించారు. వాద్యాల మధ్య తేడా చూపడం చెల్లదని 1986లో, ముగ్గురి పరిమితి కూడా చెల్లదని 1988లో తీర్పులు వచ్చాయి. సంగీతం రాజ్యాంగం కాపాడే భావప్రకటనే అన్నది వాటి సారం.

నాట్యానికి ఆ రక్షణ దక్కలేదు. 1990లలో మేయర్ రూడీ జూలియాని, దుమ్ము పట్టిన ఈ చట్టాన్ని బయటికి తీసి నైట్‌క్లబ్బుల మీద ప్రయోగించారు. పోలీసు, అగ్నిమాపక, భవనాల శాఖల వాళ్లు కలిసికట్టుగా సోదాలకు దిగేవారు. లైసెన్సు లేనిచోట నలుగురు పాటకు అడుగులు కలుపుతూ కనిపిస్తే జరిమానా, లేదా తాళం. బార్ల గోడల మీద ‘డ్యాన్సు చేయరాదు’ అన్న బోర్డులు వెలిశాయి. దీన్ని సవాలు చేసిన నాట్యప్రియులకు 2007లో అప్పీలు కోర్టులో చుక్కెదురైంది. సరదాకు చేసే నాట్యం రక్షణ ఉన్న భావప్రకటన కిందికి రాదని ఆ తీర్పు తేల్చింది.

చట్టాన్ని సమర్థించేవారు ఎప్పుడూ చెప్పే కారణం భద్రత. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. 1990 మార్చి 25న న్యూయార్క్ నగరంలోనే బ్రాంక్స్ ప్రాంతంలో ఉన్న హ్యాపీ లాండ్ క్లబ్బుకు ఒకడు నిప్పుపెడితే 87 మంది చనిపోయారు. అయితే ఆ క్లబ్బుకు సరైన అత్యవసర ద్వారాలు లేవని 1988లోనే మూసివేత ఉత్తర్వు ఇచ్చారు. అది అమలు కాలేదు. అక్కడ ప్రాణాలు తీసినవి నిప్పు, బయటపడే దారి లేకపోవడం. అగ్నిమాపక నియమాలను ఉన్నవి ఉన్నట్టు అమలు చేసి ఉంటే ఆ రాత్రి ఎంతోమంది ఇళ్లకు చేరేవారు. క్యాబరే చట్టం అప్పటికి పుస్తకాల్లో ఉంది, అయినా అది ఒక్కరినీ కాపాడలేదు.

ఈ ముడి న్యూయార్క్‌కే పరిమితం కాదు. బెంగళూరులో 2005లో వచ్చిన లైసెన్సుల ఉత్తర్వు లైవ్ బ్యాండ్, క్యాబరే, డిస్కోథెక్ మూడింటినీ ఒకే గాటన కట్టింది. ‘లైవ్ బ్యాండ్’ పేరుతో మహిళలు పాడే, ఆడే బార్లు అప్పట్లో దాని ప్రధాన గురి. సుప్రీంకోర్టు 2018 జనవరిలో ఆ ఉత్తర్వును సమర్థించాక, గిటారు బృందాలను పిలిచే ఇందిరానగర్, కోరమంగళ పబ్బుల మీదికి కూడా పోలీసులు వచ్చారు. ఇళ్లను మార్చి కట్టిన పబ్బులు చాలావాటికి భవన వినియోగ ధ్రువపత్రాలే లేవు, అది లేనిదే లైసెన్సు రాదు. చాలా చోట్ల పాట ఆగిపోయింది. అప్పుడు సంగీతకారుల తరఫున గొంతులు లేచాయి, లేవాలి కూడా. కానీ ‘లైవ్ బ్యాండ్’ బార్లలో పని పోగొట్టుకున్న మహిళల కోసం అంత గట్టిగా మాట్లాడినవారు తక్కువ. వారిదీ పాటతో నడిచే బతుకే.

న్యూయార్క్‌లో మార్పు కిందినుంచి వచ్చింది. 2016 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ‘ఘోస్ట్ షిప్’ అనే గోదాములో సంగీత కార్యక్రమం జరుగుతుండగా మంటలు చెలరేగి 36 మంది మరణించారు. లైసెన్సుల భయం కళాకారులను అలాంటి చీకటి గోదాముల్లోకి నెడుతోందన్న వాదన ఆ తర్వాత బలపడింది. అప్పటికి న్యూయార్క్ నగరంలో సుమారు 25,000 హోటళ్లు, బార్లు ఉంటే క్యాబరే లైసెన్సు ఉన్నవి వందకు లోపే. నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతం నుంచి ఎన్నికైన మండలి సభ్యుడు రఫాయెల్ ఎస్పినాల్ తెచ్చిన రద్దు బిల్లును నగర మండలి 2017 అక్టోబరు 31న 44–1 ఓట్లతో ఆమోదించింది. నవంబరు 27న మేయర్ బిల్ డి బ్లాసియో సంతకం చేశారు. పెద్ద క్లబ్బుల్లో నిఘా కెమెరాలు, శిక్షణ పొందిన కాపలాదారులు ఉండాలన్న నియమాలను మాత్రం అలాగే ఉంచారు. అది సబబైన పని.

రద్దుతోనే అంతా తీరలేదు. ఏ వీధిలో ఏ వ్యాపారం ఉండాలో చెప్పే మండలాల నిబంధనల్లో నాట్యం మీద ఆంక్షలు అలాగే ఉండిపోయాయి. చిన్న దుకాణాల వీధుల్లోని బార్లకు చట్టం పోయినా ఆ అడ్డు పోలేదు. వాటిని సడలించే సవరణను నగర మండలి ఆమోదించింది 2024 జూన్‌లో.